ముక్కల్లోంచి స్థలకాలం: స్పిన్ ఫోమ్‌లలో స్థూలీకరణ

స్పిన్ ఫోమ్ నమూనాలు స్థలకాలానికి క్వాంటం రూపం ఇవ్వడానికి జరుగుతున్న ప్రయత్నాల్లో ఒకటి. వీటి ప్రకారం స్థలాన్ని ఎంతైనా చిన్నగా కోసుకుంటూ పోలేం. పరమాణువులో ఎలక్ట్రాన్‌కు శక్తి స్థాయిలున్నట్టే, విస్తీర్ణానికీ ఘనపరిమాణానికీ నిర్దిష్టమైన మెట్లున్నాయి. అలాంటి స్థల కణికలు ఒకదాన్నొకటి ఆనుకుని, చీలుతూ, కలుస్తూ సాగించే చరిత్రను గీస్తే గోడలూ అంచులూ మూలలూ ఉన్న ఒక జాలం వస్తుంది. ఆ జాలమే స్పిన్ ఫోమ్.

ఈ కణికల ప్రమాణాన్ని నిర్ణయించేది ప్లాంక్ పొడవు: 1.6 × 10⁻³⁵ మీటర్లు. ప్రోటాన్ అడ్డుకొలతలో దాదాపు 10²⁰లో ఒక వంతైన ఈ పొడవును ఏ యంత్రమూ నేరుగా చూడలేదు. ఒక చదరపు సెంటీమీటరు జాగాలో ప్లాంక్ విస్తీర్ణాలు 10⁶⁵కు మించి పడతాయి. ఇన్ని కణికలు కలిసినప్పుడు, ఐన్‌స్టీన్ 1915లో రాసిన సమీకరణాలకు లోబడే నునుపైన స్థలకాలం తేలుతుందా? తేలకపోతే ఆ నమూనా ఎంత అందంగా ఉన్నా గురుత్వ సిద్ధాంతం అనిపించుకోదు. ఈ ప్రశ్నను ఎదుర్కొనే పద్ధతి పేరు రీనార్మలైజేషన్. అందులో చేతికి తగిలే పని స్థూలీకరణ, అంటే సూక్ష్మ వివరాలను విడతలవారీగా కూడి, మిగిలిన పెద్ద ముక్కలు ఏ నియమాలకు లోబడతాయో లెక్కగట్టడం.

అయస్కాంతాల దగ్గర మొదలైన లెక్క

ఈ పద్ధతి గురుత్వం కోసం పుట్టలేదు. వేడి చేసిన అయస్కాంతం ఒకానొక ఉష్ణోగ్రత వద్ద తన గుణాన్ని ఎందుకు కోల్పోతుందో అర్థం చేసుకునే ప్రయత్నంలో రూపు దిద్దుకుంది. 1966లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త లియో కడనాఫ్ ఒక సూచన చేశారు. జాలకంలోని చిన్న అయస్కాంతాలను ఒక్కొక్కటిగా కాకుండా గుంపులుగా చూడాలి. ప్రతి గుంపునూ ఒక పెద్ద అయస్కాంతంగా తీసుకుని, ఆ గుంపుల మధ్య బంధ బలం ఎంతో కనుక్కోవాలి. 1971లో కెన్నెత్ విల్సన్ ఈ సూచనను పూర్తి స్థాయి గణిత పద్ధతిగా మలిచారు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది ఈ కృషికే.

ఒకే వరసలో నిలిపిన అయస్కాంతాల విషయంలో ఈ లెక్క కచ్చితంగా సాగుతుంది. ప్రతి అయస్కాంతం పైకో కిందికో తిరిగి ఉంటుంది. పక్కపక్కన ఉన్నవి ఒకే వైపు తిరగడానికి ఇష్టపడతాయి. ఆ ఇష్టం ఎంత గట్టిదో చెప్పే అంకెను, ఉష్ణోగ్రత ప్రభావాన్ని కూడా కలుపుకుని, బంధ బలం అందాం. వరసలో ఒకటి విడిచి ఒకటి చొప్పున అయస్కాంతాలను తీసుకుని, అవి తిరగగల రెండు దిక్కులనూ లెక్కలో కూడేస్తే, మిగిలినవి మళ్లీ వరసగానే నిలుస్తాయి. కాకపోతే వాటి మధ్య బంధ బలం మారిపోతుంది. మొదట 1 ఉంటే ఒక విడత తర్వాత 0.66 అవుతుంది. రెండో విడతకు 0.35, మూడో విడతకు 0.11, నాలుగో విడతకు 0.013. ఎంత పెద్ద అంకెతో మొదలుపెట్టినా చివరికి సున్నా వైపే జారుతుంది. దీన్నిబట్టి ఒకే వరసలోని అయస్కాంతాలు, ఉష్ణోగ్రత సున్నా కానంత వరకు, మొత్తంగా ఒక దిక్కుకు నిలవలేవని తేలుతుంది. ప్రయోగమేదీ అక్కర్లేకుండా, దూరం నుంచి చూస్తే ఆ వరస ఎలా కనిపిస్తుందో ఈ నాలుగు అంకెలే చెబుతున్నాయి.

చదరపు గళ్ల జాలకంలో కథ మారుతుంది. 1944లో లార్స్ ఆన్‌సాగర్ కచ్చితంగా కనుక్కున్న ఫలితం ప్రకారం అక్కడ ఒక కీలక విలువ ఉంది: సుమారు 0.4407. బంధ బలం అంతకన్నా తక్కువగా ఉంటే స్థూలీకరణలో అది సున్నా వైపు జారుతుంది, ఎక్కువగా ఉంటే అనంతం వైపు ఎగబాకుతుంది. సరిగ్గా ఆ విలువ దగ్గర మొదలుపెడితే ఎన్ని విడతలు చేసినా చిత్రం తనలాగే ఉండే స్థితికి చేరుకుంటుంది. దాన్ని స్థిర బిందువు అంటారు. దగ్గర నుంచి చూసినా దూరం నుంచి చూసినా అక్కడ ఒకే దృశ్యం కాబట్టి జాలకం గళ్లు ఎంత పొడవున్నాయన్న ప్రశ్నకు అర్థం పోతుంది. జాలకం మీద రాసిన నమూనాలోంచి నిరంతరమైన సిద్ధాంతం బయటపడేది ఇలాంటి చోటే. నీరు ఆవిరి అయ్యే కీలక బిందువు దగ్గరా, కొన్ని అయస్కాంతాల దగ్గరా ఒకే ఘాతాంకాలు కనిపించడానికి కారణం ఇదే: రెండూ స్థూలీకరణలో ఒకే స్థిర బిందువుకు చేరతాయి.

చదరపు జాలకంలో ఇంకో చిక్కు కూడా ఎదురవుతుంది. ఒక విడత కూడిన తర్వాత పక్కింటి బంధాలే మిగలవు. దూరపు అయస్కాంతాల మధ్య, నాలుగేసి అయస్కాంతాల మధ్య కొత్త బంధాలు పుట్టుకొస్తాయి. ప్రతి విడతకూ అవి పెరిగిపోతాయి. వాటిలో ఏవి ఉంచాలో, ఏవి వదిలేయాలో తెలియడమే ఈ విద్యలోని అసలు నేర్పు. స్పిన్ ఫోమ్‌ల దగ్గరికి వచ్చేసరికి ఈ చిక్కు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

గురుత్వం దగ్గర ఎందుకు ఆగింది

విద్యుదయస్కాంత శక్తికీ కేంద్రక బలాలకూ పనికొచ్చిన రీనార్మలైజేషన్ గురుత్వం దగ్గర మొరాయించింది. నునుపైన స్థలకాలం మీద చిన్న అలల్లా గురుత్వాన్ని భావించి క్వాంటం లెక్కలు చేస్తే అనంతాలు వస్తాయి. వాటిని సర్దడానికి ప్రతి మెట్టులోనూ కొత్త స్థిరాంకాలు కావాలి. 1974లో గెరార్డ్ ట్ హూఫ్ట్, మార్టినస్ వెల్ట్‌మన్‌లు పదార్థంతో కలిసిన గురుత్వంలో మొదటి మెట్టులోనే ఈ సమస్య వస్తుందని చూపించారు. ఒట్టి గురుత్వంలో కూడా రెండో మెట్టులో అది తప్పదని 1985లో మార్క్ గోరోఫ్, అగస్టో సాన్యోట్టిలు తేల్చారు. అంతు లేకుండా స్థిరాంకాలు కావాల్సి వస్తే సిద్ధాంతం ముందుగా ఏమీ చెప్పలేదు.

దీనికి ఒక స్పందన, స్థలకాలాన్ని ముందే పరిచిన వేదికగా తీసుకోవడం మానేసి, దాన్నే క్వాంటం వస్తువుగా నిర్మించడం. ఈ దారికి పునాది 1961లో పడింది. ఇటలీకి చెందిన తుల్లియో రెజ్జే వంపు తిరిగిన స్థలకాలాన్ని చదునైన ముక్కలతో ఎలా కూర్చవచ్చో చూపించారు. మూడు పరిమాణాలైతే చతుర్ముఖులు, నాలుగైతే వాటి తర్వాతి మెట్టులోని సింప్లెక్సులు. ముక్కలు ఒక్కొక్కటీ చదునే. వాటిని అతికించే చోట కోణాలు సరిపోకపోవడంలోనే వక్రత దాగి ఉంటుంది. 1968లో జార్జియో పొంజానోతో కలిసి రెజ్జే ఒక ఆశ్చర్యకరమైన విషయం గమనించారు. పరమాణు భౌతికంలో కోణీయ ద్రవ్యవేగాలను కలపడానికి వాడే 6జె చిహ్నం అనే సంఖ్యకు ఆరు స్పిన్‌లు, అంటే ఆరు కోణీయ ద్రవ్యవేగపు అంకెలు, కావాలి. చతుర్ముఖికి ఉండేవీ ఆరు అంచులే. స్పిన్‌లను అంచుల పొడవులుగా తీసుకుని, అవి పెద్దవైనప్పుడు ఆ సంఖ్య ఎలా ఉంటుందో చూస్తే, అందులో మూడు పరిమాణాల గురుత్వ సూత్రం కనిపించింది. క్వాంటం గురుత్వం కోసం ఎవరూ కనిపెట్టని ఒక సంఖ్యలో అది అంతవరకు ఉండిపోయింది.

తర్వాతి అడుగులు రెండు వేర్వేరు వైపుల నుంచి వచ్చాయి. 1971లో రోజర్ పెన్‌రోజ్ స్పిన్ నెట్‌వర్క్‌లను ప్రతిపాదించారు. 1986లో మహారాష్ట్రలో పుట్టిన అభయ్ అష్టేకర్ ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని కొత్త చలరాశులతో తిరగరాశారు. వాటి ఆధారంగా కార్లో రొవెల్లి, లీ స్మోలిన్ లూప్ క్వాంటం గురుత్వాన్ని నిర్మించి, 1995లో విస్తీర్ణమూ ఘనపరిమాణమూ విడివిడి విలువలే తీసుకుంటాయని చూపించారు. స్పిన్ నెట్‌వర్క్ ఒక క్షణంలోని స్థలాన్ని వర్ణిస్తే, అది కాలంలో సాగే తీరును వర్ణించేది స్పిన్ ఫోమ్. 1998లో జాన్ బాయెజ్ ఈ చట్రాన్ని ఒక క్రమంలో పెట్టారు. అదే సంవత్సరం జాన్ బారెట్, లూయి క్రేన్‌లు నాలుగు పరిమాణాల నమూనా ఒకటి ఇచ్చారు. దానిలోని లోపాలను దిద్దుతూ 2007, 2008 సంవత్సరాల్లో ఎంగిల్, పెరైరా, రొవెల్లి, లివీన్‌లు ఒక నమూనా, ఫ్రైడెల్, క్రాస్నోవ్‌లు దాదాపు అలాంటిదే మరొకటి తెచ్చారు. మొదటివారి పేర్ల తొలి అక్షరాలతో ఈపీఆర్ఎల్ అని పిలిచే ఆ నమూనాయే నేటి పరిశోధనకు ఆధారం. ఒక్క సింప్లెక్స్‌కు ఈ నమూనా ఇచ్చే విలువ, స్పిన్‌లు పెద్దవైనప్పుడు, రెజ్జే సూత్రాన్ని ఇస్తుందని 2009లో బారెట్ బృందం చూపించింది.

ఇక్కడ ఒక పొరపాటు అవగాహనకు తావుంది, దాన్ని తొలగించుకోవాలి. స్పిన్‌లు పెద్దవి కావడం అంటే ముక్కలు కొన్నే ఉండి ఒక్కొక్కటీ భారీగా ఉండటం. నిరంతర స్థలకాలం తేలడం అంటే లెక్కలేనన్ని ముక్కలు కలవడం. మొదటిది తేలికైన పరీక్ష, ఈపీఆర్ఎల్ అందులో నెగ్గింది. స్థూలీకరణ అడిగేది రెండోదాన్ని. ఒక నీటి అణువు ఎలా కదులుతుందో తెలిసినంత మాత్రాన ప్రవాహ సమీకరణాలు చేతికి రావు. రెండింటికీ మధ్య ఉన్న దూరమే ఈ రంగంలో మిగిలిన పనంతా.

ముక్కలుగా కోసే పద్ధతి మీద ఆధారపడని లెక్క

స్పిన్ ఫోమ్ లెక్కకు ముందు స్థలకాలాన్ని ముక్కలుగా విభజించాలి. విభజన ఎలా ఉండాలో ప్రకృతి చెప్పదు; లెక్క కట్టేవారే ఎంచుకోవాలి. పొలం కొలిచే సర్వేయరుకు ఇదే పని పడుతుంది. నేల చదునుగా ఉంటే పొలాన్ని ఏ కర్ణం వెంట త్రిభుజాలుగా కోసినా వచ్చే ఎకరాలూ సెంట్లూ ఒకటే. అదే పొలం వంపు తిరిగిన గుట్ట మీద ఉంటే, త్రిభుజాలు ఎక్కడెక్కడ వేశామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఎంత చిన్న త్రిభుజాలు వేస్తే అంత నిజానికి దగ్గరవుతుంది.

మూడు పరిమాణాల గురుత్వం చదును నేల లాంటిది. పక్కపక్కనున్న రెండు చతుర్ముఖులను చెరిపేసి, అదే జాగాలో మూడింటిని పెట్టినా పొంజానో-రెజ్జే లెక్క మారదు. 6జె చిహ్నాలకున్న ఒక పాత సర్వసమీకరణం దీనికి హామీ. ఒక చతుర్ముఖి లోపల కొత్త బిందువు పెట్టి నాలుగుగా కోస్తే మాత్రం అనంతం వస్తుంది. ఆ అనంతం ఎక్కడి నుంచి వస్తోందో లారాం ఫ్రైడెల్, డేవిడ్ లూవాప్రేలు 2000 దశకం మొదట్లో విడమరిచి చెప్పారు. లోపలి బిందువును ఎక్కడ పెట్టినా భౌతికంగా ఒకటే కాబట్టి, ఒకే విషయాన్ని అనంతమైన సార్లు లెక్కపెట్టడం జరుగుతోంది. 1992లో వ్లదిమీర్ తురయేవ్, ఒలెగ్ వీరోలు క్వాంటం గ్రూపులు వాడి ఇచ్చిన నమూనాలో ఆ అనంతం కూడా లేదు. విభజన ఏదైనా జవాబు ఒకటే.

ఇంత సుఖం దొరకడానికి కారణం మూడు పరిమాణాల్లో గురుత్వ తరంగాలు లేకపోవడం. అక్కడ స్థలం లోపల దాచుకోవడానికి స్థానిక సమాచారమే లేదు. ముతకగా కోసినా పోయేదేమీ లేదు. మనం బతికే నాలుగు పరిమాణాల స్థలకాలంలో తరంగాలున్నాయి. 2015లో లైగో యంత్రాలు వాటిని పట్టుకున్నాయి కూడా. ముతక విభజన తరంగాల వివరాన్ని మింగేస్తుంది. అందుకే నాలుగు పరిమాణాల నమూనాలు విభజన మీద ఆధారపడతాయి.

ఈ ఆధారపడటం వెనుక లోతైన విషయం ఒకటి ఉంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో స్థలకాల బిందువులకు పెట్టే నిరూపకాలు పేర్లు మాత్రమే. వాటిని నునుపుగా ఎటు జరిపినా భౌతిక ఫలితం మారదు. డిఫియోమార్ఫిజం సౌష్ఠవం అనే ఈ గుణమే ఆ సిద్ధాంతానికి ప్రాణం. గురుత్వ తరంగానికి రెండే ధ్రువణాలు ఉండటం దీని వల్లే. ముక్కలుగా కోసిన స్థలకాలంలో దీనికి సమానమైనది, లోపలి మూలలను జరిపే స్వేచ్ఛ. స్థలం చదునుగా ఉంటే ఆ స్వేచ్ఛ ఉంటుంది. వంపు రాగానే పోతుంది. సౌష్ఠవం విరిగితే అదనపు కదలికలు లెక్కలోకి చొరబడతాయి. అవి నిజమైన భౌతికమా, కోత వల్ల వచ్చిన తప్పుడు ఛాయలా అన్నది చెప్పలేని పరిస్థితి వస్తుంది.

2009లో బెంజమిన్ బార్, బియాంకా డిట్రిచ్‌లు దీనికి ఒక మార్గం సూచించారు. కేంద్రక బలాల జాలక లెక్కల్లో 1990లలో పీటర్ హసెన్‌ఫ్రాట్జ్, ఫెరెంట్స్ నీడర్‌మాయర్‌లు వాడిన ‘పరిపూర్ణ క్రియ’ అన్న ఆలోచనను గురుత్వానికి తెచ్చారు. ముతక ముక్క మీద రాసిన సూత్రం, అదే జాగాను అతి సన్నగా కోసి కూడితే వచ్చే ఫలితాన్ని తేడా లేకుండా ఇవ్వాలి. అలాంటి సూత్రం దొరికితే విరిగిన సౌష్ఠవం తిరిగొస్తుంది. మూడు పరిమాణాల గురుత్వానికి విశ్వ స్థిరాంకాన్ని జోడించి వారు దీన్ని పరీక్షించారు. ఆ స్థిరాంకం స్థలానికి సమానమైన వంపునిస్తుంది కనుక చదును చతుర్ముఖులు సరిగా అతకవు, సౌష్ఠవం విరుగుతుంది. వాటిని సన్నగా కోసి స్థూలీకరిస్తూ పోతే చివరికి దక్కినది, తనే వంపు తిరిగిన చతుర్ముఖికి రాసిన సూత్రం. తురయేవ్-వీరో నమూనాలో స్పిన్‌లు పెద్దవైనప్పుడు కనిపించేదీ వంపు తిరిగిన చతుర్ముఖులే. విభజన మీద ఆధారపడని క్వాంటం నమూనా, స్థూలీకరణతో దొరికిన పరిపూర్ణ క్రియ, రెండూ ఒకే చోట కలిశాయి. ఈ రంగంలో ఇంతకన్నా ధైర్యమిచ్చే ఉదాహరణ లేదు.

అందువల్ల స్పిన్ ఫోమ్‌లలో స్థూలీకరణను సిద్ధాంతం పూర్తయ్యాక చేసే లెక్కల పనిగా చూడకూడదు. సిద్ధాంతం ఏదో నిర్ణయమయ్యేదే అక్కడ. ఈపీఆర్ఎల్ నమూనాలో ప్రతి త్రిభుజానికీ ఎంత భారం ఇవ్వాలో, విస్తీర్ణపు మెట్ల ఎత్తును నిర్ణయించే ఇమ్మిర్జి పరామితి ఎంతో ఇంకా తెరిచే ఉన్న ప్రశ్నలు. వాటిలో ఏ ఎంపికలు స్థూలీకరణలో కొట్టుకుపోతాయో, ఏవి మిగిలి భౌతికాన్ని శాసిస్తాయో తేల్చగలిగింది ఈ లెక్క ఒక్కటే.

కొలబద్ద లేకుండా

అయస్కాంతాల జాలకంలో గడి పొడవు ముందే తెలుసు. ప్రతి విడతకూ అది రెట్టింపవుతోందని చెప్పగలం. స్పిన్ ఫోమ్‌లో అలాంటి కొలబద్ద బయట లేదు. పొడవులూ విస్తీర్ణాలూ స్పిన్‌లలోనే ఉన్నాయి, లెక్కలో కూడుతున్నది ఆ స్పిన్‌లనే. ఒకే విభజనలో అతి చిన్న ముక్కలూ అతి పెద్ద ముక్కలూ కలిసి వస్తాయి. మరి ‘ముతక’, ‘సన్న’ అన్న మాటలకు అర్థమేమిటి?

డిట్రిచ్, బార్, స్టైన్‌హౌస్ తదితరుల కృషిలో రూపుదిద్దుకున్న జవాబు సరిహద్దును ఆధారం చేసుకుంటుంది. స్థలకాలంలో ఒక ప్రాంతాన్ని తీసుకుని దాని సరిహద్దు మీది జ్యామితిని నిలపాలి. సరిహద్దు మీద ఎంత సమాచారం మోపారన్నదే ముతకకూ సన్నకూ కొలత. ముతక సరిహద్దు స్థితిని సన్నటి సరిహద్దులోకి పొదగడానికి ఒక నియమం కావాలి. కొత్తగా చేరిన చలరాశులను శూన్య స్థితిలో ఉంచాలి. ఆ తర్వాత లోపలి భాగాన్ని ఎలా కోసినా, ముతక స్థితికి వచ్చే జవాబూ, దాన్ని పొదిగిన సన్నటి స్థితికి వచ్చే జవాబూ ఒకటే కావాలి. ఈ షరతు తీరితే నిరంతర సిద్ధాంతం దొరికినట్టే.

శూన్య స్థితి ఏది అన్నది మామూలు ప్రశ్న కాదు. లూప్ గురుత్వంలో పాత శూన్యం అష్టేకర్, లెవాన్‌డోవ్‌స్కీలది. అందులో విస్తీర్ణాలన్నీ సున్నా. 2014లో డిట్రిచ్, మార్క్ గైలెర్‌లు వక్రత సున్నాగా ఉండే మరో శూన్యాన్ని నిర్మించారు. స్థూలీకరణకు రెండోది మేలు, ఎందుకంటే సన్నటి ముక్కలు చదునుగా ఉండాలన్నది సహజమైన కోరిక. అయితే సరైన శూన్యాన్ని చేత్తో ఎంచకుండా, నమూనా గతి నియమాలే దాన్ని ఎంచుకునేలా చేయడం ఇంకా మేలు.

టెన్సర్ నెట్‌వర్క్ పద్ధతి చేసే పని అదే. 2007లో మైకేల్ లెవిన్, కోడీ నేవ్‌లు అయస్కాంత జాలకాల కోసం దీన్ని ప్రతిపాదించారు. జాలకంలోని ప్రతి ముక్కనూ ఒక అంకెల పట్టికగా రాసి, పక్క పట్టికలతో గుణించి కలిపేస్తారు. కలిపిన పట్టిక పెరిగిపోతుంది కనుక, సింగ్యులర్ విలువల విశ్లేషణతో అందులో బరువైన భాగాలు మాత్రమే ఉంచి మిగతావి కోసేస్తారు. ఏది బరువైనదో చెప్పేది లెక్కే తప్ప లెక్క కట్టే మనిషి కాదు. 2011 నుంచి డిట్రిచ్ బృందం దీన్ని స్పిన్ ఫోమ్‌లకు అన్వయిస్తూ వచ్చింది. నాలుగు పరిమాణాల నమూనా పూర్తిగా ఈ పద్ధతికి లొంగేంత చిన్నది కాదు. అందుకని దాని ముఖ్య గుణాలను నిలుపుకున్న రెండు పరిమాణాల ‘స్పిన్ నెట్’ నమూనాలతో మొదలుపెట్టారు. వాటిలోనే అనేక దశలు బయటపడ్డాయి. ప్రతి దశా ఏదో ఒక సాదా స్థిర బిందువు వైపు జారుతుంది, అక్కడ స్థానిక కదలికలు ఉండవు. ఆసక్తికరమైన నిరంతర సిద్ధాంతం కోసం దశల మధ్య సరిహద్దుల్లోనే వెతకాలన్నది వీటితో దొరికిన పాఠం.

నాలుగు పరిమాణాల్లో తొలి పెద్ద ఫలితం బార్, స్టైన్‌హౌస్‌లది. ఈపీఆర్ఎల్ నమూనాలో అన్ని ఆకారాలనూ అనుమతించకుండా, గళ్ల జాలకం మీద నాలుగు పరిమాణాల పెట్టెల ఆకారాలకే పరిమితం చేశారు. ముఖాల విస్తీర్ణాలకిచ్చే భారాన్ని నిర్ణయించే ఆల్ఫా అనే పరామితిని మార్చుతూ లెక్కించారు. ఆల్ఫా తక్కువగా ఉన్నప్పుడు, పెట్టెల్లో కొన్ని అతి సన్నగా, కొన్ని అతి లావుగా నలిగిపోయిన విభజనలదే పైచేయి. ఎక్కువగా ఉన్నప్పుడు అన్నీ సమానంగా ఉన్న, చదునైన స్థలాన్ని పోలిన అమరికదే పైచేయి. సుమారు 0.6 దగ్గర ఒకటి పోయి మరొకటి వస్తుంది. 2016లో స్థూలీకరణ కూడా చేసి చూపినప్పుడు ఆ సంధి స్థలంలో స్థిర బిందువు ఉందనడానికి బలమైన సూచనలు దొరికాయి. అంతకన్నా ముఖ్యంగా, లోపలి తలాలను జరిపినా ఫలితం దాదాపు మారని చోటు కూడా సరిగ్గా అదే. విరిగిన సౌష్ఠవం తిరిగి వస్తుందని ఆశించిన చోటే వచ్చింది. పెట్టెల్లో వక్రతకు తావు లేదు కనుక దీన్ని గురుత్వం తేలినట్టుగా చెప్పలేం. అయినా ఊహగా ఉన్నది అంకెల్లో కనిపించడం చిన్న విషయం కాదు. 2018లో జియోవన్నీ రాబుఫోతో కలిసి వారు, సమంగా వ్యాకోచించే లేక సంకోచించే విశ్వాన్ని వర్ణించే వంపు ముక్కలకు లెక్కను విస్తరించారు. ఆల్ఫా, విశ్వ స్థిరాంకం, గురుత్వ స్థిరాంకం మూడింటినీ కలిపి చూసినప్పుడు, ఒక దిశలో తోసేసే, రెండు దిశల్లో లాక్కునే స్థిర బిందువుకు సూచనలు కనిపించాయి.

విస్తీర్ణాలే మూలమైతే

నాలుగు పరిమాణాల సింప్లెక్స్‌కు పది అంచులు, పది త్రిభుజాలు. స్పిన్ ఫోమ్‌లో అంకె వేసేది అంచుల మీద కాదు, త్రిభుజాల మీద. ఒక సింప్లెక్స్ వరకు ఇబ్బంది లేదు. రెంటిని అతికించేటప్పుడు వస్తుంది చిక్కు. వాటి మధ్య ఉమ్మడిగా ఉండే చతుర్ముఖికి ఆరు అంచులు, నాలుగే త్రిభుజాలు. నాలుగు విస్తీర్ణాలు కుదిరినంత మాత్రాన చతుర్ముఖి ఆకారం రెండు వైపులా ఒకటే కావాలని లేదు. ఆకారాలను కచ్చితంగా కుదిర్చే షరతులు క్వాంటం నియమాల వల్ల ఒకదానితో ఒకటి పొసగవు. వాటిని సడలింపుతోనే విధించాలి. ఈ సడలింపు మరీ ఎక్కువైతే నమూనా చదును స్థలాన్ని తప్ప మరేదీ ఇవ్వదేమో అన్న అనుమానం చాలాకాలం వెంటాడింది.

2020లో సేథ్ అసాంటే, డిట్రిచ్, హాల్ హాగర్డ్‌లు ‘ఎఫెక్టివ్ స్పిన్ ఫోమ్’ నమూనాలతో దీన్ని నేరుగా పరీక్షించారు. మొత్తం ఈపీఆర్ఎల్ యంత్రాంగాన్ని మోయకుండా, విడివిడి విలువలున్న విస్తీర్ణాలూ సడలించిన షరతులూ మాత్రమే ఉంచారు. లెక్క తేలికైంది. ఇమ్మిర్జి పరామితి తగినంత చిన్నదిగా ఉంటే వంపు ఉన్న పరిష్కారాలు కూడా దక్కాయి. 2021లో డిట్రిచ్ ఇంకో అడుగు వేసి, విస్తీర్ణాల మీద రాసిన రెజ్జే సూత్రాన్ని ఒక క్రమమైన జాలకం మీద తీసుకుని, చదును స్థలం చుట్టూ చిన్న మార్పులకు దాని నిరంతర రూపాన్ని రాబట్టారు. ఆకారాలు కుదరకపోయినా ముందు వరసలో దక్కింది ఐన్‌స్టీన్ సిద్ధాంతమే. దాని వెనుక వచ్చే సవరణ, వైల్ వక్రత వర్గంతో ముడిపడినది. పొడవులకు అదనంగా విస్తీర్ణాలు మోసుకొచ్చిన కదలికలు భారీ ద్రవ్యరాశి పొంది, దూరపు చూపుకు అందకుండా పోతాయి. స్థూలీకరణ ఎలా పని చేయాలని కోరుకుంటామో దానికిది చక్కని నిదర్శనం: సూక్ష్మ స్థాయిలో ఉన్న అడ్డదిడ్డమైన వివరం స్థూల స్థాయికి చేరేసరికి పక్కకు తప్పుకుంది.

ఇదే గమ్యానికి వేరే దారులూ ఉన్నాయి. గ్రూప్ ఫీల్డ్ సిద్ధాంతంలో ఒక విభజనను సన్నగా చేసుకుంటూ పోవడానికి బదులు అన్ని విభజనలనూ ఒకేసారి కూడతారు. దాని బీజం 1992లో దిమిత్రి బులతోవ్ ఇచ్చిన నమూనా. అక్కడ రీనార్మలైజేషన్ మామూలు క్షేత్ర సిద్ధాంతాల పద్ధతిలోనే సాగుతుంది. యాన్ అంబియోర్న్, యెర్జీ యుర్కీవిచ్, రెనాటె లోల్‌ల త్రిభుజీకరణ నమూనాల అనుభవం కూడా ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. మొదటి రకం నమూనాల్లో ముక్కలు గుట్టలా నలిగిపోయేవి, లేదా చెట్టు కొమ్మల్లా చీలిపోయేవి. మధ్యలో నునుపైన స్థలకాలం ఉండేది కాదు. కారణానికీ కార్యానికీ ఉన్న క్రమాన్ని ముక్కల్లోనే చేర్చాక, 2004లో, నాలుగు పరిమాణాల విశ్వం తేలిన దశ కనిపించింది. కాలం స్థలం కన్నా ఎలా వేరో ముక్కలకే తెలియాల్సి వచ్చింది.

స్పిన్ ఫోమ్‌లలో ఆ భాగమే ఇంకా కఠినంగా ఉంది. పెట్టెల లెక్కలన్నీ కాలాన్ని కూడా స్థలంలా తీసుకున్న యూక్లిడియన్ రూపంలో చేసినవి. అసలైన, లోరెంట్జియన్ రూపంలో కూడాల్సిన సంఖ్యలు డోలనం చేస్తూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. యాదృచ్ఛికంగా నమూనాలు తీసి కూడే మామూలు మాంటే కార్లో పద్ధతి అక్కడ నేరుగా పనికిరాదు. ఒక్క సింప్లెక్స్ విలువకే పది స్పిన్‌లు, ఐదు చతుర్ముఖి స్థితులు కావాలి. దాన్ని అంకెల్లో రాబట్టడానికి పియెత్రో దోనా, జార్జియో సార్నోలు 2018లో ఒక ప్రోగ్రామును అందించారు. 2021లో ఫ్రాంచెస్కో గొజ్జీని దాన్ని మరింత వేగంగా నడిచేలా తిరగరాశారు. డోలనాలను మచ్చిక చేయడానికి చలరాశులను సంకీర్ణ సంఖ్యల్లోకి మళ్లించి కూడే పద్ధతులు కూడా వచ్చాయి. వీటితో ఇప్పుడు కొద్ది సింప్లెక్సులు కలిసిన జాలాలను లెక్కించగలుగుతున్నారు. అక్కడి నుంచి స్థూలీకరణకు చాలినన్ని సింప్లెక్సులకు చేరడం, పదార్థాన్ని కలుపుకోవడం, లోరెంట్జియన్ రూపంలోనూ స్థిర బిందువు ఉందో లేదో చూడటం, ఉంటే దాని నుంచి బయటికి తోసే దిశలు ఎన్నో లెక్కపెట్టడం జరగాలి. ఆ దిశల సంఖ్య పరిమితంగా తేలితే, 1974లో గురుత్వాన్ని అడ్డగించిన అంతులేని స్థిరాంకాల సమస్యకు స్పిన్ ఫోమ్‌ల తరఫున జవాబు దొరుకుతుంది.